ఇంటర్ కోసం ఇంటికి పంపే ముందు

దోహాలోనో దమ్మాంలోనో ఉంటున్న తెలుగు కుటుంబంలో పిల్లవాడు పదో తరగతికి వచ్చాడంటే ఒక చర్చ తప్పదు. ఇక్కడి బడిలోనే పన్నెండు దాకా చదివించాలా, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో హాస్టల్ ఉన్న జూనియర్ కాలేజీలో వేయాలా? అక్కడైతే తెల్లవారకముందే లేపి పుస్తకం ముందు కూర్చోబెడతారు, పోటీ ఉంటుంది, అమ్మమ్మ వాళ్లు దగ్గరలో ఉంటారు. ఇక్కడైతే కళ్లముందుంటాడు గానీ బడి ఫీజు, కోచింగ్ ఫీజు కలిస్తే మోత. వాదనలు నెలల తరబడి సాగుతాయి. చివరికి ఎవరో బంధువుల అబ్బాయి ర్యాంకు ఉదాహరణగా వచ్చి తీర్పు చెప్పేస్తుంది. విమానం టికెట్ కొనేస్తారు.

ఈ చర్చలో దాదాపుగా వినిపించని మాట ఒకటుంది. ఆ టికెట్‌తో పాటు వరంగల్ ఎన్ఐటీ లాంటి చోట ఒక ప్రత్యేకమైన సీటుకు ఉన్న అర్హత కూడా చేజారుతోందన్న సంగతి. పన్నెండో తరగతి పరీక్ష ఏ దేశంలో రాశారన్న ఒక్క విషయం మీద ఆ అర్హత నిలబడి ఉంది. మార్కులు వచ్చాక, ర్యాంకు వచ్చాక, కౌన్సెలింగ్ మొదలయ్యాక తెలుసుకుంటే లాభం లేదు. అప్పటికి నిర్ణయమై రెండేళ్లు గడిచిపోయి ఉంటుంది.

విదేశాల్లో ఉంటున్న పిల్లలకు భారతదేశంలో ఇంజినీరింగ్ సీటు అనగానే అందరూ 'ఎన్నారై కోటా' అనేస్తారు. నిజానికి అలాంటి ఒకే కోటా ఎక్కడా లేదు. వేర్వేరు తలుపులున్నాయి, ప్రతి తలుపు దగ్గరా వేరే ప్రశ్న అడుగుతారు. ఒకచోట 'ఎక్కడ చదివావు' అంటారు. ఇంకోచోట 'మీ నాన్న ఎక్కడ పనిచేస్తున్నాడు' అంటారు. మరోచోట పాస్‌పోర్టులో చిరునామా చూస్తారు, వేరొకచోట కార్డు మీద తేదీ చూస్తారు. ప్రైవేటు కాలేజీలో 'డబ్బు ఎవరు కడతారు' అన్నదే అసలు ప్రశ్న. అందుకే ఒకే పిల్లవాడు ఒక తలుపు దగ్గర ఎన్నారై అవుతాడు, పక్క తలుపు దగ్గర కాడు.

వీటిలో పెద్ద తలుపు డాసా. విదేశాల్లోని విద్యార్థులకు నేరుగా ప్రవేశం కల్పించే ఈ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2001-02లో మొదలుపెట్టింది. ఎన్ఐటీలు, ట్రిపుల్ ఐటీలు, శిబ్‌పూర్‌లోని ఐఐఈఎస్‌టీ అనే ఇంజినీరింగ్ సంస్థ, ఆర్కిటెక్చర్ ప్రణాళికా సంస్థలు ఇందులో ఉన్నాయి. ఐఐటీలు లేవు. మంజూరైన సీట్లకు అదనంగా 15 శాతం ఈ పథకం కింద సృష్టిస్తారు. అదనంగా అన్నమాట ముఖ్యం. వరంగల్‌లో ఒక బ్రాంచిలో 100 సీట్లుంటే ఆ 100 అలాగే ఉంటాయి, వాటి పక్కన మరో 15 పుడతాయి. స్వదేశంలో చదివిన పిల్లవాడి సీటు లాక్కుని ఇచ్చారన్న ఫిర్యాదుకు అందుకే పస లేదు. అయితే తరగతి గది, ప్రయోగశాల, హాస్టల్ గది మాత్రం పాతవే కదా అన్న ప్రశ్నకు పస ఉంది.

భారత పౌరులైన దరఖాస్తుదారులకు ప్రధానమైన షరతు ఇది: గడచిన ఎనిమిదేళ్లలో కనీసం రెండేళ్లు విదేశంలో చదివి ఉండాలి, అర్హత పరీక్ష, అంటే పన్నెండో తరగతి గానీ దానికి సమానమైనది గానీ, విదేశంలోనే ఉత్తీర్ణులై ఉండాలి. ఒకటో తరగతి నుంచి పది దాకా కువైట్‌లో చదివి ఇంటర్ మాత్రం హైదరాబాద్‌లో చదివిన అమ్మాయి దీనికి పనికిరాదు. తొమ్మిది దాకా హైదరాబాద్‌లో చదివి, తండ్రికి ఉద్యోగం రావడంతో పదిలో మస్కట్ వెళ్లి పన్నెండు అక్కడే పూర్తిచేసిన అబ్బాయి పనికొస్తాడు. పదేళ్లు పరాయి దేశంలో పెరిగిన పిల్ల కంటే మూడేళ్ల క్రితం వెళ్లిన పిల్లవాడు ఈ లెక్కలో ఎక్కువ 'విదేశీ'.

డాసా ఫీజు డాలర్లలో ఉంటుంది. ఇటీవలి ఏళ్లలో అది ఏడాదికి 8,000 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకున్నా నాలుగేళ్లకు ట్యూషన్ ఫీజే 27 లక్షలు దాటుతుంది. అదే ఎన్ఐటీలో, అదే బల్ల మీద కూర్చునే మామూలు విద్యార్థి కట్టేది ఏడాదికి లక్షా 25 వేలు, నాలుగేళ్లకు 5 లక్షలు. కుటుంబ ఆదాయం తక్కువైతే అందులోనూ మినహాయింపు. మధ్యలో మిగిలిన 22 లక్షల తేడా ఒక మధ్యతరగతి గల్ఫ్ కుటుంబానికి ఊళ్లో ఇంటి స్థలం విలువ.

ఆ తేడాను చెరిపేయడానికే డాసా లోపల ఇంకో గది కట్టారు. గల్ఫ్‌లో పనిచేస్తున్న భారతీయుల పిల్లలకోసం ఉద్దేశించిన ఆ విభాగాన్ని ఇంగ్లిషు పొడి అక్షరాల్లో సీఐడబ్ల్యూజీ అంటారు. 15 శాతంలో మూడో వంతు, అంటే 5 శాతం వీరిది. సౌదీ, ఎమిరేట్స్, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లతో పాటు ఇరాన్, ఇరాక్‌లనూ ఈ జాబితాలో చేర్చారు. తల్లి గానీ తండ్రి గానీ ఆ దేశంలో పనిచేస్తున్నట్టు యజమాని ఇచ్చిన పత్రం, అకామా, అంటే అక్కడి నివాస అనుమతి కార్డు, నకలు చూపాలి. చూపితే ట్యూషన్ ఫీజు స్వదేశీ విద్యార్థి కట్టేదే. ఒక్క కాగితం విలువ 22 లక్షలు. అమెరికాలోనో సింగపూర్‌లోనో చదివిన పిల్లలకు ఈ వెసులుబాటు లేదు.

ర్యాంకుల్లోనూ తేడా ఉంది. వరంగల్‌లో కంప్యూటర్ సైన్స్ సీటు మామూలు కౌన్సెలింగ్‌లో జనరల్ విభాగంలో కొన్ని వేల లోపు ర్యాంకుతోనే అయిపోతుంది. డాసా జాబితాలో అంతకంటే ఎంతో వెనకున్న ర్యాంకుకూ ఆశ ఉంటుంది, పోటీ పడేవారు తక్కువ కనుక. ఇక్కడ సామాజిక రిజర్వేషన్లు మాత్రం వర్తించవు. ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాలకు చెందిన ప్రవాసుల పిల్లలు ఆ హక్కును మామూలు కౌన్సెలింగ్‌లోనే వాడుకోవాలి. రెండు చోట్లా ఒకే జేఈఈ మెయిన్ ర్యాంకుతో ప్రయత్నించే వీలుంది కాబట్టి తెలిసినవారు రెండు దరఖాస్తులూ పెడతారు.

మళ్లీ ఆ విమానం టికెట్ దగ్గరికి. ఇంటర్ కోసం హైదరాబాద్ పంపితే డాసా పోతుంది, పోతే పోయింది, ఇక్కడ స్థానికుడు అవుతాడు కదా అనుకునే తల్లిదండ్రులు చాలామంది. అవడు. ఇదే ఈ వ్యవహారంలో అందరినీ పడేసే గుంట.

రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు ఉమ్మడి రాష్ట్రాన్ని ఉస్మానియా, ఆంధ్రా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులుగా విడదీసి, రాష్ట్రంలోని కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించాయి. స్థానికత తేల్చే సూత్రం సొంత ఊరు కాదు, ఓటరు కార్డు కాదు, చదువు. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ పరిధిలో చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. ఇంటర్‌కి మాత్రమే వచ్చిన పిల్లవాడి ఖాతాలో రెండేళ్లే ఉన్నాయి. అటు డాసాకు విదేశీ పరీక్ష లేదు, ఇటు రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌కు స్థానికత లేదు.

వీరికి మిగిలేది స్థానికతతో నిమిత్తం లేని 15 శాతం. అందులోకి రావడానికీ ఒక లెక్క ఉంది. తల్లి లేదా తండ్రి రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉండాలి, బయట ఉద్యోగం చేసిన కాలం ఆ పదేళ్లలో కలవదు. ముప్పై ఏళ్ల వయసులో గల్ఫ్ వెళ్లిన తండ్రికి ఇది కష్టం కాదు, అతని బాల్యం, చదువు ఇక్కడివే కాబట్టి. చిక్కల్లా రుజువు చేయడంలో ఉంది. పాతికేళ్ల క్రితం చదివిన జిల్లా పరిషత్ బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, తహసీల్దారు నుంచి నివాస ధ్రువపత్రం తేవాలి. ఆ పని చేసే తాతయ్య ఊళ్లో ఉంటే సరే. పైగా 2025 నుంచి తెలంగాణ తన 15 శాతాన్ని కూడా రాష్ట్రంతో సంబంధం ఉన్నవారికే పరిమితం చేసింది. విభజన తర్వాత పదేళ్ల పాటు కడప, గుంటూరు పిల్లలకు హైదరాబాద్ కాలేజీల్లో తెరిచి ఉన్న ఆ కాస్త సందు కూడా మూసుకుంది. గల్ఫ్‌లో ఉండి హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనుక్కున్న ఆంధ్ర జిల్లాలవారు ఫ్లాట్ కాగితం స్థానికత కాదని ఇప్పుడు తెలుసుకుంటున్నారు.

అలాగని ఇంటర్‌కి పంపడమే తప్పని అనడానికి లేదు. ఐఐటీయే గురి అయితే, పిల్లవాడికి ఆ శక్తి ఉంటే, డాసా అర్హతతో అసలు పనే లేదు. కానీ అంత శక్తి ఉన్నవాళ్లు ఎందరు? సగటు కంటే కాస్త పైన ఉండే పిల్లవాడికి గల్ఫ్‌లోనే పన్నెండు పూర్తిచేసి సీఐడబ్ల్యూజీలో ప్రయత్నించడమే లాభసాటి బేరం. సరిగ్గా ఆ పిల్లలనే ఎక్కువగా హాస్టళ్లకు పంపుతున్నారు, 'ఇక్కడుంటే బాగుపడడు' అని.

డాసా మొదటి ఇరవై ఏళ్లూ జేఈఈతో సంబంధం లేకుండా నడిచింది. అందులో చాలాకాలం అమెరికాలోని కాలేజ్ బోర్డు నిర్వహించే శాట్ సబ్జెక్టు పరీక్షలే కొలబద్ద: గణితం రెండో స్థాయి, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం. న్యూజెర్సీలో చదివే తెలుగు పిల్ల తన బడి పాఠాలతోనే ఆ పరీక్ష రాసి సూరత్‌కల్ ఎన్ఐటీలోనో తిరుచ్చి ఎన్ఐటీలోనో సీటు తెచ్చుకోగలిగేది. 2021 జనవరిలో కాలేజ్ బోర్డు ఆ పరీక్షలను ఆపేస్తున్నట్టు ప్రకటించింది. దాంతో డాసా పాత కొలబద్ద లేకుండా పోయింది. ఆ ఏటి నుంచే జేఈఈ మెయిన్ ర్యాంకును ప్రమాణం చేశారు.

ఇది పరీక్ష పేరు మారడం మాత్రమే కాదు, తలుపు ఎవరికోసం తెరిచారన్నదే మారిపోయింది. జేఈఈ మెయిన్ పాఠ్యాంశాలు సీబీఎస్ఈ పదకొండు, పన్నెండు పుస్తకాలకు దగ్గరగా ఉంటాయి. విదేశాల్లో సీబీఎస్ఈ అనుబంధ పాఠశాలలు రెండు వందలకు పైగా ఉన్నాయి, వాటిలో అత్యధికం గల్ఫ్‌లోనే. దుబాయ్, అబుదాబి, షార్జా, రియాద్, దోహా, కువైట్, మస్కట్, మనామాల్లో పరీక్షా కేంద్రాలుంటాయి. ఆ నగరాల్లో కోచింగ్ కేంద్రాలూ వెలిశాయి. అమెరికా పిల్లల పరిస్థితి వేరు. అక్కడి హైస్కూల్లో రసాయనశాస్త్రం ఒక ఏడాది, భౌతికశాస్త్రం ఒక ఏడాది చదివి వదిలేస్తారు. మూడు శాస్త్రాలూ రెండేళ్లు కలిపి మోసే మన పద్ధతి వాళ్లకు లేదు. పేరుకు పథకం ప్రపంచం మొత్తానిదే అయినా, పరీక్ష మారాక అది గల్ఫ్ సీబీఎస్ఈ పిల్లల వైపు ఒరిగింది. హైదరాబాద్ గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ మాత్రం తన డాసా ప్రవేశాలను శాట్ స్కోరుతోనే విడిగా నడుపుకుంటోంది. అమెరికా పిల్లలు ఆ వైపు చూడటంలో ఆశ్చర్యం లేదు.

బ్రిటిష్ పాఠ్యక్రమంలో చదివేవాళ్లకు ఇంకో తలనొప్పి క్యాలెండర్. ఎ-లెవెల్ అంటే వాళ్లకు పన్నెండో తరగతి, దాని ఫలితాలు ఆగస్టు మధ్యలో వస్తాయి. ఇంటర్నేషనల్ బాకలారియా (ఐబీ) అనే మరో విదేశీ పాఠ్యక్రమం ఫలితాలు జులై మొదటి వారంలో వస్తాయి. మన కౌన్సెలింగ్ సాధారణంగా జూన్‌లో మొదలై జులైకి ఒక కొలిక్కి వస్తుంది. సీటు ఖరారు చేసుకోవడానికి మార్కుల పత్రం అడిగే రోజుకు ఎ-లెవెల్ పిల్లవాడి చేతిలో ఏమీ ఉండదు. ముందుచూపున్న కుటుంబాలు పరీక్షలను మే-జూన్ విడతలో కాకుండా అంతకుముందు అక్టోబరు-నవంబరు విడతలోనే రాయిస్తాయి. అలా రాయించాలంటే ఆ ఆలోచన కనీసం ఏడాది ముందే రావాలి. విదేశీ బోర్డులవారు భారత విశ్వవిద్యాలయాల సంఘం నుంచి సమానత్వ ధ్రువపత్రం కూడా తెచ్చుకోవాలి, దానికీ వారాలు పడుతుంది. సబ్జెక్టుల ఎంపిక ఇంకా ముందటి మాట. గణితం, భౌతికం, రసాయనం మూడూ ఎ-లెవెల్‌లో తీసుకోకుండా, రసాయనం బదులు ఆర్థికశాస్త్రం ఇష్టమని తీసుకున్న అమ్మాయికి తరవాత ఎంత మంచి గ్రేడులు వచ్చినా భారత ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలా తలుపులు మూసుకుపోతాయి.

ఐఐటీలు, ఎన్ఐటీల సీట్లు ఉమ్మడిగా కేటాయించే మామూలు జోసా కౌన్సెలింగ్‌లో ప్రవాస కుటుంబాలు పట్టించుకోని ఒక చిన్న గడి ఉంది. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి, సగం ఇతర రాష్ట్రాలవారికి. సొంత రాష్ట్రమంటే పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. మరి పన్నెండు దుబాయ్‌లో పాసైతే? అప్పుడు పాస్‌పోర్టులో నమోదైన శాశ్వత చిరునామా ఏ రాష్ట్రానిదో అదే సొంత రాష్ట్రం. హనుమకొండ చిరునామా ఉంటే వరంగల్ ఎన్ఐటీలో సొంత రాష్ట్రపు సగం. ఏలూరు చిరునామా ఉంటే 2015లో మొదలైన తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సొంత రాష్ట్రపు సగం. ఇప్పుడు ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. పిల్లవాడు తొమ్మిదిలో ఉండగా పాస్‌పోర్టు కాలం తీరుతుంది. కొత్తదానికి దరఖాస్తు పెడుతూ తండ్రి, ఈమధ్యే బెంగళూరులో కొన్న ఫ్లాట్ చిరునామా రాస్తాడు. హనుమకొండలో ఇల్లు అద్దెకిచ్చేశారు, ఉత్తరాలు అందవని. మూడేళ్ల తరవాత జేఈఈ దరఖాస్తులో ఆ చిరునామానే నింపుతారు. పిల్లవాడు కర్ణాటకవాడైపోయాడు. సూరత్‌కల్‌లో సొంత రాష్ట్రపు సీటు దొరకవచ్చు, అది చెడ్డదేమీ కాదు. కానీ 1959లో దేశంలోనే మొట్టమొదటి రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీగా సొంత ఊళ్లో వెలిసిన కాలేజీకి ఆ పిల్లవాడు పరాయి రాష్ట్రం వాడు. ఉత్తరాల కోసం మార్చిన చిరునామా ఇంత పని చేస్తుందని పాస్‌పోర్టు కార్యాలయంలో ఎవరూ చెప్పరు, చెప్పడం వాళ్ల పనీ కాదు.

అమెరికాలో పుట్టిన పిల్లల సంగతి పూర్తిగా వేరు, ఎందుకంటే వాళ్లలో చాలామంది భారత పౌరులు కారు. చేతిలో ఉండేది భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు. ఒకప్పుడు ఈ కార్డుంటే ప్రవేశ పరీక్షల్లో భారత పౌరులతో సమానంగా పోటీపడే అవకాశం ఉండేది. 2021 మార్చి 4న కేంద్ర హోంశాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. జేఈఈ, నీట్ వంటి పరీక్షలు రాయవచ్చు గానీ, ఎన్నారై సీట్లకో అదనపు సీట్లకో మాత్రమే అర్హులని, భారత పౌరులకే ప్రత్యేకించిన సీట్లకు కారని తేల్చింది. కర్ణాటకలోనో తెలంగాణలోనో పదేళ్లుగా స్థిరపడి ఇక్కడి బళ్లలోనే చదువుతున్న ఓసీఐ పిల్లలు దీంతో ఒక్కరాత్రిలో విదేశీయులయ్యారు. వాళ్ల కుటుంబాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2023 ఫిబ్రవరి 3న కోర్టు మధ్యేమార్గం చెప్పింది: నోటిఫికేషన్ చెల్లుతుంది, కానీ ఆ తేదీ తరవాత కార్డు పొందినవారికే. అంతకుముందే కార్డు తీసుకున్నవారి పాత హక్కు అలాగే ఉంటుంది.

ఫలితం విచిత్రంగా ఉంటుంది. డాలస్‌లో పక్కపక్క ఇళ్లలో ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు పిల్లల్ని తీసుకోండి. ఒకరి తల్లి, బిడ్డను మొదటిసారి ఇండియా తీసుకొచ్చినప్పుడే ఓసీఐ చేయించింది. ఇంకొకరి తల్లి వీసాతో సరిపెట్టి, 2022లో తీరికగా కార్డు తీసుకుంది. మొదటి పిల్లవాడు ఐఐటీ కౌన్సెలింగ్‌లో మామూలు జనరల్ సీటుకు పోటీపడవచ్చు. రెండోవాడికి విదేశీయుల అదనపు సీటే గతి. అందుకే పాత కార్డు నకలు పారేయకూడదు. పాస్‌పోర్టు మారినప్పుడు కొత్త కార్డు తీసుకుంటే దాని మీద కొత్త తేదీ పడుతుంది. మొదటి కార్డు ఎప్పటిదో చూపించడానికి పాతదే సాక్ష్యం. ఐఐటీల్లో విదేశీయుల కోసం పది శాతం దాకా అదనపు సీట్లున్నాయి, విదేశంలో చదివిన విదేశీ పౌరులు జేఈఈ మెయిన్ దాటకుండానే నేరుగా అడ్వాన్స్‌డ్ రాయవచ్చు కూడా. కానీ అడ్వాన్స్‌డ్ అడ్వాన్స్‌డే. ఆ తలుపు వెడల్పుగా కనిపిస్తుంది, గడప మాత్రం ఎత్తు.

ఇక అందరి నోటా నలిగే ఎన్నారై కోటా. ప్రైవేటు కాలేజీల్లో 15 శాతం దాకా ఎన్నారై సీట్లు ఉంచుకోవచ్చని సుప్రీంకోర్టు 2005లో ఇనాందార్ కేసులో అనుమతించింది. ఆ సీట్లు నిజమైన ఎన్నారైల పిల్లలకే ఇవ్వాలని, ప్రతిభను గాలికొదలకూడదని కూడా అదే తీర్పులో చెప్పింది. తెలుగు రాష్ట్రాల్లో మేనేజ్‌మెంట్ వాటాగా పిలిచే బీ-కేటగిరీలో ఈ సీట్లు కలిసి ఉంటాయి. తీర్పులో మొదటి సగం అందరికీ గుర్తుంది. రెండో సగం సంగతి ప్రవేశాల కాలంలో కాలేజీ కార్యాలయం ముందు కాసేపు కూర్చుంటే తెలుస్తుంది. పిల్లవాడు పుట్టి బుద్ధెరిగాక ఖమ్మం దాటలేదు. కానీ చికాగోలో మేనత్త కొడుకు ఉన్నాడు. అతని పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, ఎన్ఆర్ఈ ఖాతా వివరాలు, 'ఫీజు నేను భరిస్తాను' అన్న ఒక ప్రమాణ పత్రం వాట్సాప్‌లో వచ్చేస్తాయి. ఫీజు అసలు కట్టేది ఖమ్మంలోని తండ్రే. స్పాన్సర్ అంటే డబ్బిచ్చేవాడని నిఘంటువు అర్థం, ఇక్కడ పేరిచ్చేవాడని.

2024లో పంజాబ్ ప్రభుత్వం వైద్య కళాశాలల్లో ఎన్నారై నిర్వచనాన్ని మేనమామలు, మేనత్తలు, తాతలు, వాళ్ల పిల్లల దాకా సాగదీసింది. హైకోర్టు కొట్టేసింది. అప్పీలుకు వెళితే సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని మోసంగానే అభివర్ణించి తోసిపుచ్చింది. అది వైద్య సీట్ల వ్యవహారం, కోట్ల లెక్క. ఇంజినీరింగ్‌లో అంత గిరాకీ లేదు కాబట్టి అంత గొడవ లేదు. సీట్లు మిగిలిపోయే కాలేజీలో ఎన్నారై కోటాలో చేరడానికి కారణమే కనబడదు. హైదరాబాద్ చుట్టుపక్కల పేరున్న పది పదిహేను కాలేజీల్లో, అందులోనూ కంప్యూటర్ సైన్స్‌లోనే ఈ బేరమంతా. నిజంగా విదేశంలో చదివిన పిల్లవాడికి ఈ కోటా అక్కరకు రాకపోదు. ప్రవేశ పరీక్ష అడగని డీమ్డ్ విశ్వవిద్యాలయాల ఎన్నారై సీట్లు కూడా ఉన్నాయి. కానీ ఏటా 8,000 డాలర్లు కట్టి ఎన్ఐటీలో చదవగలిగే అవకాశం ఉన్నవాడు, లక్షలు కట్టి ప్రైవేటు కాలేజీలో ఎందుకు చేరాలన్నది లెక్క వేసుకోవాల్సిన విషయం. చాలామంది ఆ లెక్క వేయకపోవడానికి కారణం, డాసా గురించి తెలిసేసరికి దాని దరఖాస్తు గడువు దాటిపోవడం. కన్సల్టెంటు అనే మనిషి బతికేదే ఆ ఆలస్యం మీద.

ఇంతకీ సీఐడబ్ల్యూజీ పేరులో ఉన్న 'పనివాళ్లు' ఎవరు? పథకం పేరు వింటే మనకు కళ్లముందు మెదిలేది జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్లి ఎండలో ఇనుప చువ్వలు కట్టే మనిషి. లేదా కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడమనిషి. కానీ ఆ సీటు దక్కాలంటే పిల్లవాడు గల్ఫ్‌లో చదివి ఉండాలి. గల్ఫ్‌లో చదవాలంటే కుటుంబ వీసా ఉండాలి. కుటుంబ వీసాకు జీతం హద్దు ఉంటుంది. కువైట్ 2024లో కుటుంబ వీసాలను తిరిగి ప్రారంభించినప్పుడు పెట్టిన హద్దు నెలకు 800 దినార్లు, అంటే రెండు లక్షల రూపాయల పైమాట. ఇంటిపని వీసా మీద వెళ్లినవారి జీతం అందులో పావు వంతు కూడా ఉండదు. కాబట్టి ఆ 5 శాతం సీట్లలో చేరేది నర్సులు, అకౌంటెంట్లు, ఇంజినీర్లు, బ్యాంకు ఉద్యోగుల పిల్లలు. వాళ్లూ కష్టపడేవాళ్లే, వాళ్లకు ఆ వెసులుబాటు దండగ అనడానికి లేదు. కాకపోతే పథకానికి పేరిచ్చింది ఒకరు, సీటు పొందేది మరొకరు. ఇదీ ఒక రకం స్పాన్సరే.

ఆ ఇనుప చువ్వల మనిషి కొడుకు ఊళ్లోనే ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదువుతాడు. నాలుగేళ్లు కాదు, పన్నెండేళ్లూ అక్కడే చదివాడు కాబట్టి స్థానికతకు ఢోకా లేదు. ఎప్‌సెట్ రాస్తాడు, వచ్చిన ర్యాంకుకు వచ్చిన కాలేజీలో చేరతాడు. తండ్రి పదిహేనేళ్లుగా విదేశంలో ఉన్నాడన్న సంగతి ఆ దరఖాస్తులో ఎక్కడా పనికిరాదు. అతన్ని లెక్కలోకి తీసుకున్న పథకం ఒకటుంది. ప్రవాసుల పిల్లల ఉపకార వేతనాల పేరుతో అప్పటి ప్రవాస భారతీయ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2006-07లో ప్రారంభించిన దానిలో ఏటా 150 ఉపకార వేతనాలు, ఒక్కొక్కరికి ఏడాదికి 4,000 డాలర్ల దాకా. అందులో 50 ఈసీఆర్ దేశాల్లో పనిచేసేవారి పిల్లలకు. ఈసీఆర్ అంటే పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద పడే ముద్ర, పల్లెల్లో అందరికీ తెలిసిన మాట. ఆ ముద్ర ఉన్నవారు పనికి వెళ్లాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సినవే ఈసీఆర్ దేశాలు. ఆ 50లో మూడో వంతు, తండ్రి అక్కడ, తాను ఇక్కడ ఉండి భారతదేశంలోనే చదువుతున్న పిల్లలకు. అంటే కేరళ నుంచి బీహార్ దాకా దేశం మొత్తానికి పదహారో పదిహేడో. దానికి దరఖాస్తు పెట్టాలంటే తండ్రి ఉద్యోగం, జీతం రుజువు చేసే కాగితాలు కావాలి, వాటికి అక్కడి భారత రాయబార కార్యాలయం ధ్రువీకరణ కావాలి. ఆ ముద్ర కోసం అతను ఒక రోజు జీతం వదులుకుని, లేబర్ క్యాంపు నుంచి రియాద్ బస్సెక్కాలి. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంటే, ముందుగా అది అడిగి తెచ్చుకోవాలి.